ఆ ఇంటికి నేను వేసిన సున్నం

పోయిన నెల బడులకు సెలవులు ఇవ్వగానే, నేను బండి నడిపే ఇంటివాళ్ళు జెద్దా ఉక్కకు తాళలేక కొండల మీదికి పోదామన్నారు. పొద్దున్నే బయలుదేరి, ఎర్ర సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని పొద్దంతా నడిపి, సాయంత్రానికి ఘాట్ రోడ్డు ఎక్కి అభా చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. ఈ వయసులో ఇంకా ఈ డ్రైవరీ ఎందుకు, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి రారాదా అని మా ఆవిడ ఫోనులో అనని రోజు లేదు. ఆ మాటను ఇక్కడే వదిలేస్తాను.

మర్నాడు ఆ ఇంటి చిన్నపిల్ల ఫోనులో ఒక పాత ఊరి ఫోటో చూపించి, అక్కడికే పోవాలని మారాం చేసింది. ఫోటో చూస్తే నాకేమీ ఆనవాలు దొరకలేదు, రాతి ఇళ్ళన్నీ ఫోటోల్లో ఒక్కలాగే ఉంటాయి. కానీ తారు రోడ్డు వదిలి లోయ వైపు దిగే మలుపు రాగానే, ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి గేరు తగ్గించింది. ఆ మలుపులో ఒకప్పుడు మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, డబ్బా బండి వెనక నిలబడి, కిందపడకుండా ఒకరి నడుము ఒకరం పట్టుకుని, ఎన్నిసార్లు దిగామో. ఇప్పుడు బండ్లు ఆపుకోవడానికి నున్నగా చదును చేసి తెల్ల గీతలు గీసిన చోటు, మేము ముగ్గురం వంగి బార్లీ కోసిన మడి. దాని పక్కన టికెట్లు ఇచ్చే గది, పెద్ద బోర్డు, కాఫీ అంగడి, దారి పొడుగునా చిన్న చిన్న దీపాలు. ఆ పైన మెట్లు మెట్లుగా రాతి ఇళ్ళు, అప్పటి ఇళ్ళే, ముఖాలు కడుక్కుని తయారై కూర్చున్నట్టున్నాయి. రైతులు విడిచిపెట్టి పోయిన ఊరిని ప్రభుత్వం వారు బాగుచేసి, చూడవచ్చే వాళ్ళ కోసం తెరిచారట.

వరుసలో మూడోది మా ఇల్లు. మా ఇల్లు అనేశాను చూశారా, అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఇంటివాళ్ళు నాకు కూడా టికెట్టు కొన్నారు, మంచివాళ్ళు. నేను మోకాళ్ళ నొప్పులని చెప్పి బయటే ఉండిపోయాను. మోకాళ్ళ నొప్పులు నిజమే కానీ కారణం అది కాదు. ఆ ఇంటి ముందు దానిమ్మ చెట్టు కింద, మడికి కట్టిన రాతి గట్టు మీద కూర్చుంటే, కూర్చున్నాక గాని తట్టలేదు, అది ఎవరు నిలబడిన చోటో.

నేను ఆ ఊరికి వచ్చినప్పుడు నాకు పెళ్ళై ఏడాది కూడా తిరగలేదు. మాది జగిత్యాల పక్క పల్లె, నాకు తాపీ పని వచ్చు. అప్పటికే ఇక్కడ ఉన్న మా మేనమామ తన కఫీల్‌తో చెప్పి నాకు వీసా తెప్పించాడు. అక్కడ మామకు తోడు వరసకు నాకు బావ అయ్యే ఇంకొకాయన ఉండేవాడు. నేను చేరి ముగ్గురమయ్యాం. కఫీల్ రైతు. రోడ్డు పక్కన కొత్తగా సిమెంటు ఇల్లు కట్టుకుంటున్నాడు, ఆ పని మాదే. పని లేని రోజుల్లో మడులకు గట్లు వేయడం, దానిమ్మలకు నీళ్ళు పెట్టడం, కోతలు కోయడం. మన తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో రియాదు వెళ్ళినవాళ్ళు సులైలోని క్యాంపుల్లో మంచం మీద మంచం వేసుకుని పడుకునేవాళ్ళు, శుక్రవారం వస్తే బతా బజారుకు పోయి మెస్సుల్లో ఇంత పప్పన్నం తిని ఊరివాళ్ళ ముఖాలు చూసుకునేవాళ్ళు. మా ఊరివాళ్ళు అక్కడినుంచి ఫోను చేసినప్పుడు, మేము ముగ్గురం ఒక మూడంతస్తుల ఇంట్లో ఉంటున్నామంటే కోతలు కోస్తున్నామనుకునేవారు. కోతలు కాదు, నిజంగానే ఉన్నాం. కొత్త ఇంట్లో రెండు గదులకు కప్పు పడగానే కఫీల్ తల్లినీ భార్యాబిడ్డల్నీ తీసుకుని అందులోకి మారిపోయి, తాతల నాటి రాతి ఇంటిని మాకు విడిచిపెట్టాడు.

ఆ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెడితే నేను ఆగను, మా ఆవిడకు ఇప్పటికీ అదొక విసుగు. గోడలు చెయ్యి చాచినంత మందం, సున్నం సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టినవి. తాపీ పనివాణ్ణి కనుక మొదటి రోజే గోడను తడిమి తడిమి చూశాను. కిటికీల చుట్టూ తెల్లని గాజురాళ్ళు పేర్చారు, మసక వెలుతురులో కూడా అవి మెరిసేవి. కింది అంతస్తు గొడ్లకు, మధ్యది గింజలకు, పైది మనుషులకు. మేము పై గదిలోనే వండుకుని, అక్కడే తిని, అక్కడే పడుకునేవాళ్ళం, ఎందుకంటే కొండ మీద చలి అలాంటిది. మబ్బులు కిటికీలోంచి నేరుగా లోపలికి వచ్చేవి. మబ్బులే కాదు, కోతులు కూడా. కుక్కంత కోతులు, మందలు మందలుగా. ఒకసారి బావ ఇంటినుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసాను ఒకటి ఎత్తుకుపోయి, ఎదురు కప్పు మీద కూర్చుని మూత తీసి నాకి, ఆ కారానికి అది చేసిన గంతులు చూసి మేము కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. బావ మాత్రం కోతిని ఏమీ అనలేదు, వారం రోజులు మాతో మాట్లాడటం మానేశాడు. నా బతుకులో అంత నవ్విన రోజులు మళ్ళీ రాలేదంటే అతిశయోక్తి కాదు. అందుకే ఆ ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా ముందు సంతోషం వస్తుంది, దాని వెనకే, నీడలాగా, తప్పు చేసినవాడి మనసు వస్తుంది.

కఫీల్ తల్లిని మేము ముసలమ్మ అనుకునేవాళ్ళం. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మడుల్లో పనిచేసేవారు, పశువుల్ని మేపేవారు, గడ్డపారతో గట్టు తవ్వేవారు. ఈమె కూడా ఆ వయసులో గడ్డి మోపు ఎత్తుకుని మా ముందునుంచే నడిచేది, నడుము వంగేది కాదు. తలకు పసుపుపచ్చ గుడ్డ, దాని మీద వెడల్పు గడ్డి టోపీ, చెవి పక్కన ఒక సబ్జా రెమ్మ. పని చేస్తున్న మనిషి పక్కనుంచి ఊరకే వెళ్ళిపోవడం వాళ్ళకు మర్యాద కాదు. యాతీక్ అల్ ఆఫియా అంటారు, దేవుడు నీకు సత్తువ ఇవ్వాలని. దానికి మనం అల్లా యాఫీక్ అనాలి, నీకూ ఇవ్వాలని. నేను అరబ్బీలో నేర్చుకున్న మొట్టమొదటి మాటలు అవే. ముసలమ్మ మా ముందునుంచి వెళ్తూ ఆగకుండా, ముఖం ఇటు తిప్పకుండా ఆ మాట అనేది, మేము పారలు దించి జవాబిచ్చేవాళ్ళం. ఆమెకూ మాకూ మధ్య మాటలంటే అంతే.

ఆమె రోజూ సాయంత్రం ఈ దానిమ్మ కింద, ఈ గట్టు దగ్గరికి వచ్చి నిలబడేది. ఇంటి వైపు చూసేది. కాసేపుండి వెళ్ళిపోయేది. చెట్టుకు కాపలా అనుకున్నాను నేను మొదట్లో. మామే ఒకరోజు అసలు సంగతి చెప్పాడు. పరాయి మగవాళ్ళు ఉంటున్న ఇంట్లోకి ఆడమనిషి గడప దాటి రాకూడదు. అది ఎవరో పెట్టిన ఆంక్ష కాదు, ఊరి పద్ధతి, ఆమె పద్ధతి కూడా. కోడలిగా అడుగుపెట్టి, పిల్లల్ని కని, భర్తను సాగనంపిన ఇంట్లోకి, మేము చేరిన రోజునుంచి ఆమె రాలేదు. కొడుకు మమ్మల్ని అక్కడ పెట్టాడు గనక ఆమె నోరు తెరవలేదు. మాకు వేరే చోటు లేదు గనక మేమూ తెరవలేదు. ఆ సంగతి తెలిశాక నాకు ఆ గదిలో కాళ్ళు చాపుకుని పడుకోవడానికి కొన్నాళ్ళు సిగ్గేసింది. తరవాత అలవాటైపోయింది, ఇది కూడా నిజమే.

శుక్రవారం మేము పొద్దున్నే నడిచి రోడ్డెక్కి, ఏ బండి దొరికితే అది పట్టుకుని బజారుకు పోయేవాళ్ళం. ఆ ఇంటికి జానెడు తాళంచెవి ఒక్కటే ఉండేది. వెళ్తూ దాన్ని ద్వారబంధం పై రాతి మీద పెట్టిపోవడం ఆ ఇంటి పాత అలవాటే. ఒక శుక్రవారం తిరిగొచ్చేసరికి గదిలో సాంబ్రాణి వాసన. పొయ్యి చుట్టూ ఊడ్చి ఉంది. బిందె నిండి ఉంది. పొయ్యి పక్కన గుడ్డలో చుట్టి వెచ్చని రొట్టె. బావ దయ్యమని బెదిరిపోయి తన రేడియో పెట్టెలో దాచుకున్నాడు, దయ్యానికి రేడియో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూడో శుక్రవారమో నాలుగో శుక్రవారమో నేల మీద ఒక సబ్జా రెమ్మ దొరికింది. మామ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసి, గోడ సందులో గుచ్చాడు.

ఆ తరవాతి వారంనుంచి మా శుక్రవారాలు మారిపోయాయి. పని లేకపోయినా, జ్వరమొచ్చినా, వాన కురిసినా ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళం, పొద్దు వాలేదాకా వచ్చేవాళ్ళం కాదు. ద్వారబంధం మీద అంత ఎత్తున ఉంటే ముసలిచెయ్యికి అందదని, మామ తాళంచెవిని గోడలో కింది రాళ్ళ సందులో పెట్టడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు ఇంకా మలుపులో ఉండగానే గట్టిగా దగ్గేవాడు, అవసరం లేకపోయినా పాటందుకునేవాడు, మామ గొంతుకు దయ్యాలు కూడా పారిపోయేవి. ఆమెకు తెలుసు మాకు తెలుసునని. కఫీల్‌కు ఎవరమూ చెప్పలేదు. వారానికి ఒక్కపూట ఆ ఇల్లు ఆమెది, మిగిలిన రోజులు మాది. ఒక్క మాట అనుకోకుండా అలా సర్దుకున్నాం. నా బతుకులో నేను పాలుపంచుకున్న మంచి పనులు చెప్పమంటే ఇదొకటి చెబుతాను, అది కూడా మామ చేసిందే.

ఇక మిగిలింది నేను చేసింది.

పై గది గోడల మీద ఏవో రంగుల గీతలుండేవి. నడుము ఎత్తున గదంతా చుట్టి వచ్చేలా అడ్డంగా పట్టీలు, వాటిలో త్రికోణాలు, చుక్కలు, నిచ్చెనల్లాంటివి, పైన చెట్ల కొమ్మల్లా గీతలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని పోల్చుకోగలిగేవాళ్ళం మొదట్లో. మేము ఆ గదిలోనే కట్టెలు పెట్టి వండి, పోపులు వేసి, ఎండుమిర్చి మాడ్చి, రెండు చలికాలాలు గడిపేసరికి అవన్నీ మసిబారి, ఉన్నాయో లేవో తెలియకుండా అయిపోయాయి. రంజాన్ నెల వచ్చింది. నెల అయిపోతే వాళ్ళకు పండుగ. మామ ఒకరోజు గోడ మీద వేలితో రాసి, నల్లబడ్డ వేలు నాకు చూపించాడు.

“మంది ఇల్లురా ఇది. పొగ పెట్టి కరాబు చేసినం” అన్నాడు.

అయితే సున్నం వేద్దామన్నాను నేను. అందులో ఆలోచించడానికి ఏముంది? దసరా వస్తోందంటే మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? సున్నం నానేస్తాం, గోడలు దులుపుతాం, తెల్లగా సున్నం కొట్టి కింద ఎర్ర జాజు పట్టీ వేస్తాం. సున్నం పడని ఇంటికి పండుగ రాదు. ఇంటిని గౌరవించడమంటే మనకు తెలిసిన దారి అదొక్కటే. ఆమె పండుగకు ఆమె ఇల్లు తెల్లగా ఉండాలి, శుక్రవారం తలుపు తీయగానే చూసి సంతోషపడాలి, ఇన్నాళ్ళు తిన్న రొట్టెకు అదొక బదులు కావాలి. అంతే నా మనసులో ఉన్నది. బావ ఒక్కడే అడ్డం చెప్పాడు, అది కూడా బద్ధకంతో.

“మనది కాని ఇంటికి సున్నమెందుకురా, ఉన్నన్ని రోజులు ఉండి పోయేటోళ్లం.”

నేనూ మామా ఆయన్ను పిసినారి అని ఆటపట్టించి నోరు మూయించాం. ఆ ఒక్కరోజు బావ బద్ధకం గెలిచి ఉంటే ఎంత బాగుండేదో.

కొత్త ఇంటి పనిలో మిగిలిన సున్నం ఉంది. నానేశాను, వడగట్టాను, తెలుపు మెరవడానికి ఇంత నీలిమందు కలిపాను. బజారునుంచి ఖర్జూరపు మట్ట తెచ్చి, మన దగ్గర ఈత మట్ట దంచినట్టు దంచి కుంచె చేశాను. చేతికి అంటకుండా ఉండాలని తుమ్మబంక కూడా కలిపాను, పనిలో నాకు అంత పట్టింపు. గురువారం సగం పూటే పని. మధ్యాహ్నం గోడలు దులిపి, తడిపి, మొదటి చెయ్యి వేశాను.

సున్నం వేసినవాళ్ళకు తెలుసు, తడిగా ఉన్నప్పుడు అది కనబడదు, ఆరితేనే తెల్లబడుతుంది. ఆ తడికి, మసి కడుక్కుపోయి, గోడ మీద బొమ్మలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. ఎంత ఎరుపు, ఎంత పసుపు! గీత గీతకూ మధ్య సన్నని చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేదు. ఒకచోట చెయ్యి వణికినట్టు ఒక చుక్క పక్కకు జరిగితే, దాన్ని కప్పిపుచ్చడానికి దానికి ఒక ఆకు చేర్చారు. నేను కుంచె పట్టుకుని నిలబడిపోయాను. మా అమ్మ వాకిట్లో వేసే చుక్కల ముగ్గు గుర్తొచ్చింది. ఇది ఆడవాళ్ళ చేతిపని అని ఆ క్షణంలో నాకు తెలిసింది, ఇందులో సందేహం లేదు, తెలిసింది. ఆగి మామను పిలిచి ఉండవచ్చు. ఆరకముందే కడిగేసి ఉండవచ్చు. కానీ సగం గోడ అయింది, సగం గోడ వదిలేస్తే అసహ్యంగా ఉంటుంది, పొద్దు పోతోంది, రేపు శుక్రవారం. పాతబడ్డ ముగ్గు మీద మళ్ళీ అలుకు చల్లుతాం కదా, ఇదీ అంతేలే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో చెయ్యి వేశాను.

శుక్రవారం పొద్దున గది పాలు పోసినట్టుంది. మామ మురిసిపోయి నా భుజం తట్టాడు. తాళంచెవి సందులో పెట్టి బజారుకు పోయాం. ఆ రోజంతా ఆమె తలుపు తీసి ఏమంటుందో, ఎలా నవ్వుతుందో అని నేను ఊహించుకుంటూనే ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు మామ ఎప్పటికన్నా గట్టిగా పాడాడు.

రొట్టె గడప బయట, మెట్టు మీద ఉంది. గదిలో సాంబ్రాణి వాసన లేదు. పొయ్యి ఊడ్చలేదు. కిటికీ పక్క గోడ మీద, ఆడమనిషి భుజం ఎత్తున, అరచేతి వెడల్పున సున్నం చెరిగిపోయి ఉంది. తలగుడ్డ కొంగు తడిపి మెల్లగా, జాగ్రత్తగా తుడిచినట్టుంది. ఆ చెరిగిన చోట మూడు చుక్కలు, ఒక ఆకు కనబడుతున్నాయి.

మర్నాడు రాత్రి మా గదికి వచ్చిన కఫీల్ గోడలు చూసి నవ్వాడు. మా ఇబ్బంది అర్థమై ఆయనే చెప్పాడు, తేలిగ్గానే, కాఫీ పోస్తూ. తన తల్లి పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఏడాది, ఆమె తల్లి వచ్చి పక్కన కూర్చుని ఈ గీతలు గీయడం నేర్పిందట. ప్రతి ఏడూ పండుగకు ముందు ఊరి ఆడవాళ్ళంతా ఎవరి గోడలు వాళ్ళు మళ్ళీ దిద్దుకుంటారట. తల్లి పోయాక కూడా కిటికీ పక్కనున్న ఆ ఒక్క గోడను మాత్రం ఆమె మార్చకుండా, తల్లి గీసిన గీత మీదనే గీస్తూ వచ్చిందట. కొత్త ఇంట్లో తాను గోడలకు పూల కాగితం అంటించాడట, పాతవాటితో ఇక పనేముంది, ఖలాస్, మాలేష్, శుభ్రం చేశారు మంచిదే, అన్నాడు. ఆ మాలేష్ అన్న మాట, ఫరవాలేదులే అని, నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఆయన వెళ్ళాక గుడ్డ తడిపి ఆమె తుడిచిన చోటు పక్కన నేనూ తుడవబోయాను. అప్పటికి బంక పట్టేసింది. సున్నంతో పాటు రంగు కూడా పొరలు పొరలుగా ఊడి నా చేతిలోకి వచ్చింది. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పండుగ రోజు మేము ముగ్గురం ఆ తెల్లని గదిలో ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా అన్నం తిన్నాం.

క్షమించమని అడుగుదామంటే ఆడమనిషితో మాట కలిపే వీలు లేదు, కఫీల్‌తో చెప్పిస్తే ఆమె శుక్రవారాల సంగతి బయటపడుతుంది. నాలుగు రోజుల తరవాత నేను గట్టు పని చేస్తుండగా ఆమె గడ్డి మోపుతో వచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఆగలేదు, ముఖం తిప్పలేదు. యాతీక్ అల్ ఆఫియా అంది, ఎప్పటి గొంతుతోనే. ఆమె గోడ చెరిపిన నా చేతులకు దేవుడు సత్తువ ఇవ్వాలట. జవాబు చెప్పకుండా పార పట్టుకుని నిలబడిపోయాను. ఆమె వెళ్ళిపోయింది.

మేము మళ్ళీ ప్రతి శుక్రవారం ఇల్లు ఖాళీ చేసిపోయాం. తాళంచెవి పెట్టింది పెట్టినట్టే ఉండేది. సాయంత్రాలు ఆమె గట్టు దగ్గరికి రావడం కూడా మానేసింది. మామ మాత్రం ఆ మలుపులో పాడటం మానలేదు, ఖాళీ ఇల్లని తెలిసి కూడా. చలికాలం వచ్చేలోగా కఫీల్ ఆమెను తైఫ్‌లో ఉన్న కూతురి దగ్గరికి పంపాడు. తరవాతి ఏడు అక్కడే పోయిందని కబురొచ్చింది. నేను కఫాలా మార్చుకుని, వేరే యజమాని కిందికి మారి, జెద్దా వచ్చేశాను, తాపీ వదిలేసి స్టీరింగు పట్టుకున్నాను. జీతం ఎక్కువని అందరికీ చెప్పాను గాని, అసలు కుంచె పట్టుకోబుద్ధి కాలేదు. మామ ఊరికి వెళ్ళిపోయి, బతికినన్నాళ్ళూ దసరాకు ఎవరింట్లో సున్నం నానేసినా అరుగు మీదనుంచి ఒకే మాట అనేవాడట.

“ఇంటామెను అడిగినంకనే ఎయ్యుండ్రి.”

ముసలాయన చాదస్తం అనుకుని అందరూ నవ్వేవారట. నన్ను మాత్రం ఆయన ఒక్కనాడు కూడా ఏమీ అనలేదు.

దానిమ్మ కింద కూర్చుని ఇదంతా తలచుకుంటూ ఉండగా ఇంటివాళ్ళు బయటికి వచ్చారు. చిన్నపిల్ల పరుగున వచ్చి, మోకాళ్ళ నొప్పితో నేను చూడలేకపోయానని జాలిపడి, ఫోనులో లోపలి ఫోటోలు చూపించింది. పై గది. గోడలన్నీ కొత్త రంగులతో ధగధగలాడుతున్నాయి. ఊరి ఆడవాళ్ళే కూర్చుని మళ్ళీ గీశారట. బాగా గీశారు, కానీ అన్నీ కొత్త గీతలు. నేను వేలితో ఒక్కొక్క ఫోటో జరిపి కిటికీ పక్క గోడ కోసం వెతికాను. అక్కడ ఒక చిన్న గాజు బిళ్ళ బిగించి ఉంది. దాని వెనక కొంచెం తెల్ల సున్నం, మధ్యలో అరచేతి వెడల్పున పాత గోడ, మూడు చుక్కలు, ఒక ఆకు. ఈ ఇంట్లో పాతకాలపు రంగు మిగిలింది ఈ ఒక్క ముక్కేనని లోపల చెప్పారని ఆ పిల్ల అంది. ఎవరు కాపాడారో మాత్రం వాళ్ళకు తెలియదట. నాకు తెలుసు.

ఇల్లు చూపించే ఊరి అమ్మాయి, నేను లోపలికి రాలేదని గమనించింది కాబోలు, చిన్న కప్పులో కాఫీ, రెండు ఖర్జూరాలు పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చింది. అంతదూరం నడుపుకుని వచ్చినవాణ్ణని, కప్పు చేతికిస్తూ యాతీక్ అల్ ఆఫియా అంది. ఆ కాలంలో ఆ ఊరి ఆడపిల్ల పరాయి మగవాడి చేతికి కప్పు అందించడమన్నది ఊహకు కూడా అందేది కాదు. ఈసారి జవాబు ఎగ్గొట్టలేదు. అల్లా యాఫీక్ అన్నాను. ఆమె ముఖం చూసి అనలేదు, ఇంటి వైపు చూసి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఆ అమ్మాయి నవ్వింది.

కాలం మారిపోయింది, మంచికే మారింది, కాదనను. మా ఊళ్ళో కూడా ఇప్పుడు సున్నం నానేసేవాళ్ళు లేరు, పుట్టీ పెట్టి రంగులు వేస్తున్నారు, ముగ్గులు కాగితాల మీద అచ్చయి వస్తున్నాయి, అంటించుకోవడమే. ఆ రాతి ఇంటి తలుపు పొద్దస్తమానం తెరిచే ఉంటోంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఏ దేశంవాళ్ళయినా సరే, టికెట్టు తీసుకుంటే చాలు, గడప దాటి పై గదిదాకా పోవచ్చు. ఆ ఇంటామెకు మాత్రం శుక్రవారం దాకా ఆగవలసి వచ్చేది. ఆ శుక్రవారం కూడా నేను మిగలనివ్వలేదు.